ఉప్పుగాలి ఊళ్ళో బ్రేక్ కాలిపర్లకు ఇంట్లోనే పెయింటు

నెల్లూరు దగ్గర మైపాడు వైపో, ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపో సముద్రతీరాన రోజూ తిరిగే కారుకు ముందు చక్రం విప్పితే కాలిపర్, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో తిరిగే డిస్కును రెండు ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం, ఎర్రమట్టి ముద్దలా కనిపిస్తుంది. అది చాలా కార్లలో ఇనుప పోత. కంపెనీ వేసిన పూత పలచనిది, సముద్రపు గాలికి మొదట లేచిపోయేది అదే. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే కార్లకు ఉప్పునీళ్ళ చిందులు అదనం. చీమకుర్తి వైపు కార్లకు గ్రానైట్ దుమ్ము పిండిలా పట్టి, వాన పడగానే సిమెంటులా గట్టిపడుతుంది. ఇవన్నీ పోగొట్టి పెయింటు వెయ్యడానికి రెండు పొద్దులు చాలు. అందులో బ్రష్షు పట్టుకునేది గంటకు మించి ఉండదు. మిగతాదంతా కడగడం, గీకడం, ఆరబెట్టడం.

ముందు ఏ పెయింటు కొనాలో తేల్చుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. షాపులో కాలిపర్‌కని అడిగితే చాలాచోట్ల బైకు సైలెన్సర్లకు కొట్టే స్ప్రే డబ్బా ఇస్తారు. 600 డిగ్రీలు తట్టుకుంటుందని దాని మీద రాసి ఉంటుంది. అబద్ధం కాదు. కానీ ఆ రకం సిలికాన్ పెయింటు పూర్తిగా గట్టిపడాలంటే దాదాపు 200 డిగ్రీల వేడి కాసేపు తగలాలి. సైలెన్సర్‌కు ఆ వేడి రోజూ తగులుతుంది, కాలిపర్‌కు తగలదు. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 అనేది కొత్తగా ఉన్నప్పుడు మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీలు, డాట్ 4ది 230. తేమ పీల్చిన పాత ఆయిల్‌కు ఆ లెక్క 140కీ 155కీ పడిపోతుంది. కాలిపర్ ఒళ్ళంతా 200 డిగ్రీలకు వేడెక్కిందంటే లోపల ఆయిల్ మరిగి పెడల్ అడుగుకు పోయే పరిస్థితి. మామూలుగా నడిపే కారుకు అది రాదు, రాకూడదు. అందుకే సైలెన్సర్ పెయింటు పైకి ఆరినట్టే ఉండి లోపల మెత్తగా మిగులుతుంది. గోరుతో గీస్తే లేస్తుంది, బ్రేక్ ఆయిల్ చుక్క పడితే కరుగుతుంది.

కావలసింది రెండు డబ్బాల రకం, అంటే పెయింటు విడిగా, హార్డెనర్ విడిగా వచ్చేది. కాలిపర్ల కోసమే తయారైన కిట్టు అయి ఉండాలి. అది వేడి తగలకుండానే గట్టిపడుతుంది, బ్రేక్ ఆయిల్‌కు ఓర్చుకుంటుంది. నాలుగు కాలిపర్లకు కలిపి 200 ఎం.ఎల్. లోపే అయిపోతుంది. గేటుకు వేసే ఎనామిల్ వేస్తే కొన్నాళ్ళకు రంగు మాడి పొలుసులుగా రాలుతుంది.

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు మాత్రమే డిస్కులు, వెనక డ్రమ్ములు. అలాంటప్పుడు డ్రమ్ము పైభాగానికి అదే కిట్టుతో నలుపు వెయ్యవచ్చు. ముందు రెండూ ఎర్రగా, వెనక తుప్పు డ్రమ్ములతో ఉంటే కాలిపర్లు చెయ్యకపోయినా బాగుండేదే అనిపిస్తుంది. రంగు సంగతికొస్తే, ఎరుపు మీద ప్యాడ్ల నల్లదుమ్ము వారానికే తెలిసిపోతుంది. బూడిదరంగో నలుపో వేసుకుంటే నెలకోసారి కడిగినా సరిపోతుంది. వీల్ క్యాపులు ఉన్న కారుకు ఏ రంగేసినా ఎవరికీ కనపడదు, తుప్పు ఆగడం వరకే లాభం.

మిగతా సామాను: బ్రేక్ క్లీనర్ 500 ఎం.ఎల్. డబ్బాలు రెండు, టూత్‌బ్రష్షు సైజు వైరు బ్రష్షు, పాత టూత్‌బ్రష్షులు, ఎమరీ పేపరు (వడ్రంగులు ఉప్పు కాగితం అనేది) 80, 180 నంబర్లవి, అంగుళం మాస్కింగ్ టేపు, పాత పేపర్లు, అర అంగుళం బ్రష్షులు రెండు, మాస్కు, కళ్ళద్దాలు, చేతికి గ్లౌజులు. మందుల షాపులో 10 ఎం.ఎల్. సిరంజిలు రెండు తెచ్చుకోండి, వాటి పనేంటో ముందు ముందు తెలుస్తుంది.

ఎప్పుడు వెయ్యాలన్నది మన జిల్లాల్లో పెద్ద ప్రశ్నే. దసరా ఆయుధపూజకు కారు తళతళలాడాలని చాలామందికి ఉంటుంది. కానీ మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనం నడుస్తుండగా తేమ గాలిలో వేస్తే పెయింటు మీద తెల్లటి పొగలాంటి మసక వస్తుంది. రోహిణి కార్తెలో వేస్తే ఇంకో తంటా: లోహం కాలుతుంటుంది, బ్రష్షు గీత సర్దుకునేలోపే ఆరిపోయి చారలు మిగులుతాయి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మార్చి వరకూ అనువైన కాలం. పొద్దున మంచు పూర్తిగా ఆరాక, తొమ్మిది తర్వాత, నీడలో మొదలుపెట్టండి. కాలిపర్ మీద అరచెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆగండి.

మొదటి పొద్దు అంతా కడగడమే. చక్రాల్లోని దుమ్మును పొడిగా ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం వద్దు. ప్యాడ్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పాతరకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. తడిపి కడగాలి. ఏ నీళ్ళతో అన్నది అంతకంటే ముఖ్యం. తీరం వెంబడి మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో కడిగి ఆరబెడితే కాలిపర్ మీద కంటికి కనపడని ఉప్పు పొర మిగులుతుంది. పైన పెయింటు వేసినా ఆ ఉప్పు గాలిలోని తేమను పూతగుండా లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు చేరి పొక్కు లేస్తుంది, పొక్కు కింద తుప్పు మొదలవుతుంది. మూడు నెలల్లో బొబ్బలొచ్చాయంటే తప్పు పెయింటుది కాదు, బోరుది. మున్సిపల్ కుళాయి నీళ్ళో, తాగే నీళ్ళో వాడండి. చక్రానికి ఒక బిందె చాలు. షాంపూ నీళ్ళతో రుద్ది, మంచినీళ్ళు పోసి, వైరు బ్రష్షుతో పొలుసులు రాల్చి, మళ్ళీ మంచినీళ్ళు పొయ్యండి. తుప్పు గుంటల్లోనే ఉప్పు దాక్కుంటుంది కాబట్టి గీకక ముందొకసారి, గీకాక ఒకసారి కడగాల్సిందే. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు నడిపి బ్రేకులు ఆరనివ్వండి.

రెండో పొద్దు కారును చదునైన గట్టి నేల మీద పెట్టండి. ఇంటి ముందు ర్యాంపు మీదొద్దు. చక్రం నేల మీదుండగానే నట్లు కొద్దిగా వదులు చెయ్యాలి. ముందు చక్రం ఎత్తేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. వెనక చక్రం ఎత్తేటప్పుడు హ్యాండ్‌బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు, అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గేరులో వేసి ముందు చక్రాలకు రాళ్ళు పెట్టండి. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే, కింద చెయ్యి పెట్టి పని చెయ్యడానికి కాదు. జాకీ స్టాండు పెట్టండి, విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కిందకు తొయ్యండి. ఒక్కో చక్రం చొప్పునే చెయ్యండి.

కాలిపర్‌ను విప్పాల్సిన పని లేదు. విప్పితే గొట్టం మీద బరువు పడుతుంది, గైడ్ పిన్నుల (కాలిపర్ అటూ ఇటూ జారే పిన్నుల) బోల్టులు సరిగా బిగించకపోతే ప్రమాదం, ఆయిల్ గొట్టం తీస్తే లోపల చేరిన గాలి తియ్యాల్సి వస్తుంది. స్టీరింగు పక్కకు తిప్పితే ముందు కాలిపర్ ఉన్నచోటే అందుతుంది. రంగు వేసే ముందు ఒకసారి పరీక్షగా చూడండి. రబ్బరు బూటు (పిస్టన్‌కూ పిన్నులకూ దుమ్ము పట్టకుండా ఉండే తొడుగు) చిరిగినా, ఆయిల్ చెమర్చినట్టున్నా పెయింటు పక్కన పెట్టి ముందు రిపేరు చేయించండి. పూత కింద లీకు కనపడకుండా పోతుంది.

తుప్పు చోట 80 నంబరు, మిగతా చోట 180 నంబరు ఎమరీ పట్టండి. మెరుపు మొత్తం పోయి మసకబారాలి. డ్రిల్లుకు వైరు కప్పు తగిలించి గీకితే త్వరగా అవుతుంది కానీ రబ్బరు బూట్ల దగ్గరికి తేవద్దు, ఒక్క తాకుడుకు చిరుగుతుంది. అల్యూమినియం కాలిపర్లకు వైరు బ్రష్షు వద్దు, గిన్నెలు తోమే పచ్చ పీచే చాలు.

తర్వాత జిడ్డు తియ్యాలి. కిరసనాయిలుతోనో డీజిలుతోనో తుడవడం మన షెడ్లలో అలవాటు. ఇక్కడ అది రెండు రకాల చేటు: వెనక జిడ్డు పొర వదులుతుంది, రబ్బరు సీళ్ళను ఉబ్బేలా చేస్తుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి, నూలు పోగులు రాని గుడ్డతో తుడిచి, మళ్ళీ కొట్టండి. గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా. ఆ తర్వాత ఉత్తచేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్ర కూడా జిడ్డే.

టేపు పెట్టాల్సిన చోట్లు జాగ్రత్తగా వినండి: డిస్కు, ప్యాడ్లు, పిస్టన్ చుట్టూ ఉన్న బూటు, గైడ్ పిన్నుల బూట్లు, ఆయిల్ గొట్టం, గాలి తీసే నిపుల్, ఏబీఎస్ సెన్సర్ వైరు. కాలిపర్‌ను పట్టుకుని ఉండే బ్రాకెట్‌లో ప్యాడ్ల చెవులు జారే గాడి మీద పెయింటు పడితే ప్యాడ్ ఇరుక్కుని బ్రేకు పట్టేసుకుంటుంది. కారు లాగదు, మైలేజీ పడిపోతుంది, ఒక పక్క ప్యాడే అరిగిపోతుంది. చక్రం ఆనే హబ్బు ముఖానికీ, డ్రమ్ములో ఆ భాగానికీ అసలే వెయ్యొద్దు. ఆ పూత నలిగి పలచబడితే నట్లు వదులవుతాయి. వెనక డిస్కులున్న కార్లలో హ్యాండ్‌బ్రేకు మీటనూ స్ప్రింగునూ వదిలెయ్యండి.

పెయింటు, హార్డెనర్ కిట్టు మీద రాసిన పాళ్ళలోనే కలపాలి, కంటి అంచనాతో కాదు. సిరంజిలు ఇందుకే, ఒక్కోదానికి ఒకటి. హార్డెనర్ తగ్గితే ఎప్పటికీ జిగటే. ఎక్కువైతే పెళుసు. ఒకేసారి డబ్బా మొత్తం కలపొద్దు, మన ఎండకు రెండో చక్రం దగ్గరికి వెళ్ళేసరికి చిక్కబడి జున్నులా అవుతుంది. ఒక్క చక్రానికి సరిపడా కలపండి. హార్డెనర్ వాసన మంచిది కాదు, మాస్కు తియ్యొద్దు, షట్టరు దించిన గదిలో చెయ్యొద్దు.

మొదటి పూత పలచగా, కింద లోహం అక్కడక్కడ కనపడుతున్నా సరే. మూలలు, కంపెనీ అక్షరాలు ఉన్నచోట బ్రష్షు మొనతో పొడిచినట్టు వెయ్యండి. రెండో పూత కిట్టు చెప్పిన వ్యవధిలోనే పడాలి. ఆ సమయం దాటితే పూర్తిగా ఆరనిచ్చి, 180తో తేలిగ్గా గీకి వెయ్యండి. సగం ఆరినదాని మీద వేస్తే ముడతలొస్తాయి. మందంగా ఒకేసారి పూస్తే అడుగున కారి కన్నీటి బొట్లలా గడ్డకడుతుంది. రెండు పూతలు చాలు, మూడోది కోరికను బట్టి.

పెయింటు పూర్తిగా గట్టిపడక ముందే టేపు తీసెయ్యాలి, లేకపోతే అంచు కూడా దాంతో లేస్తుంది. డిస్కు మీద చుక్క పడితే అప్పుడే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. చక్రం బిగించి కారు దించాక నట్లు ఎదురెదురుగా బిగించండి. బిగింపు లెక్క (టార్క్) చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. 24 గంటలు కదపకుండా ఉంచండి. తర్వాత కదలక ముందు పెడల్ తొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకుని, ఖాళీ రోడ్డు మీద పది పదిహేను సార్లు మెల్లగా బ్రేకు వెయ్యండి. వంద కిలోమీటర్లయ్యాక నట్లు మళ్ళీ ఒకసారి చూడండి.

మొదటి వారం ప్రెషర్ వాష్ వద్దు. సముద్రం దాకా వెళ్ళొచ్చిన రోజు చక్రాల మీద రెండు చెంబుల మంచినీళ్ళు పొయ్యండి. బ్రేక్ ఆయిల్ మార్పించినప్పుడు కాలిపర్ మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కడిగించండి. మిగిలిన పెయింటునూ హార్డెనర్‌నూ కలపకుండా విడివిడిగా మూత బిగించి పెట్టుకోండి, రాయి తగిలి చిట్లిన చోట తుప్పు పట్టకముందే సిరంజితో నాలుగు చుక్కలు కలిపి అద్దుకోవచ్చు.