గంగవావిలి కూర విత్తనాలు రాలిపోకముందే పట్టుకోండి

వానలు పడ్డాక గుంటూరు చుట్టుపక్కల పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో గంగవావిలి కూర తనంతట తానే మొలుస్తుంది. అంతా పప్పులో వేసేయకుండా నాలుగు మొక్కలు విత్తనానికి వదలండి.

పసుపు పూలు వాడాక బుల్లి కాయలు వస్తాయి. పూర్తిగా ఎండేదాకా ఆగితే కాయ మూత ఊడి గింజలన్నీ నేలపాలే. అందుకని ఒకటి రెండు కాయల్లో నల్లటి గింజలు కనబడగానే కొమ్మలు కోసి, స్టీలు పళ్లెంలో పరిచి నీడన పెట్టండి. కాడల్లో నీరు ఉంటుంది కాబట్టి కోశాక కూడా మిగతా కాయలు ముదురుతూనే ఉంటాయి. ఫ్యాను కింద మాత్రం వద్దు. ఆవగింజ కంటే చిన్నవి, ఎగిరిపోతే వెతుక్కోలేం! రాలిన గింజల్లో చెత్త ఏరేసి, బాగా ఆరాక కాగితం పొట్లం కట్టి మూత బిగుతుగా ఉన్న సీసాలో వేయండి.

మిరప చేల పక్కన మొలిచింది ముట్టుకోకండి, అక్కడ పురుగుమందు పిచికారీ ఎక్కువ. కాడ తుంచినప్పుడు పాలు కారితే అది అసలు గంగవావిలే కాదు, వదిలేయండి.

చల్లేటప్పుడు గింజల్ని ఇసుకలో కలిపి పైపైన చల్లి, నీళ్లు చిలకరిస్తే చాలు. మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి.