రంగుగాజు ముక్కలతో అద్దం చట్రం – 3వ పాఠం: అతికించడం, గ్రౌట్ పట్టించడం

రెండో పాఠం దాకా చేసినవాళ్ళ బల్ల మీద ఇప్పటికి ఇవి సిద్ధంగా ఉండాలి: 45 × 60 సెం.మీ. ప్లైవుడ్ పలక (మందం 12 మి.మీ.), దాని నడుమ కూర్చునే 30 × 45 సెం.మీ. అద్దం (మందం 4 మి.మీ.), నమూనా కాగితం మీద పేర్చుకున్న 3 మి.మీ. రంగుగాజు ముక్కలు. చుట్టూ 7.5 సెం.మీ. పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ నాలుగు మూలల్లో బెంగుళూర మామిడికాయలు, కాయకూ కాయకూ మధ్య ఆకుల తీగ, మిగతాదంతా నేల, అంటే బొమ్మల వెనక నిండే ఖాళీ. నేల ముక్కలు ఇంకా కొయ్యకుంటే మంచిదే. వాటి పని చివర్లో ఉంది.

ఈ పాఠంలో అసలు సంగతి నీళ్ళు. గాజు చుక్క నీరు పీల్చదు, తన కిందున్న తడిని పైకి పోనివ్వదు. ప్లైవుడ్ దొరికినంతా తాగుతుంది. ఈ రెంటి నడుమ నీళ్ళున్న జిగురు, ఆపైన నీళ్ళతో కలిపిన గ్రౌట్ (ముక్కల సందుల్లో నింపే సిమెంటు ముద్ద) పెడుతున్నాం. పలక వంగినా, ముక్క ఊడినా, అద్దం అంచు నల్లబడినా తడి ఎటు పోయిందో వెతికితే జవాబు దొరుకుతుంది.

ముందు పలక. తెల్ల ఫెవికాల్ ఒక పాలు, నీళ్ళు నాలుగు పాళ్ళు కలిపి ముందు, వెనక, నాలుగు అంచులూ, మొత్తం ఆరు వైపులా ఒక పూత వెయ్యండి. చాలామంది వెనకవైపు వదిలేస్తారు. అప్పుడు ఒక పక్కే తడి తాగి పలక విల్లులా వంగుతుంది, గ్రౌట్ పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. పూత ఆరాక ముందువైపు పట్టీ మీద తెల్ల మ్యాట్ ఎమల్షన్ రెండుసార్లు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో తేలిగ్గా గీరండి. ఆయిల్ పెయింట్ వద్దు, ఆ నునుపు మీద జిగురు పట్టు దొరకదు. తెల్లరంగు ఎందుకంటే, వెలుగు దూసుకుపోయే గాజు కింద చెక్క రంగు కనబడితే పసుపు బురదరంగుకు తిరుగుతుంది, ఆకుపచ్చ నల్లబడుతుంది. పాలరంగు కలిసిన గాజైతే ఈ బాధ లేదు.

తర్వాత అద్దం. దీనికి ఫెవికాల్ పనికిరాదు, సిలికాన్ కావాలి. అదీ ట్యూబు మీద 'న్యూట్రల్ క్యూర్' అని రాసి ఉన్నదే. మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వినిగర్ వాసన కొడుతుంది. ఆ ఆమ్లం అద్దం వెనకున్న రంగుపూతనూ వెండిపూతనూ తినేస్తుంది, కొన్నాళ్ళకు ముందువైపు మచ్చలు తేలతాయి. షాపువాడు రెండూ ఒకటేనంటాడు, వినొద్దు. సిలికాన్ గాలిలో తేమతో గట్టిపడుతుంది కాబట్టి అద్దం వెనక చుట్టూ మూసేసినట్టు గీత గీయకండి. నిలువుగా నాలుగైదు గీతలు, అంచుకు 2 సెం.మీ. లోపలే ఆపండి. అద్దం పెట్టి, మెత్తగా అదిమి, 24 గంటలు పడుకోబెట్టే ఉంచండి.

అది ఆరాక అద్దం నాలుగు అంచుల వెంట అదే సిలికాన్‌ను సన్నగా పూసి వేలితో లాగెయ్యండి. ఐదు నిమిషాల పని. తడి గ్రౌట్‌లో సిమెంటు క్షారం ఉంటుంది, అది అంచులోంచి వెండిపూతకు తగలకుండా ఈ పూత అడ్డం. ఆ తర్వాత అద్దం ముఖాన్ని మాస్కింగ్ టేపుతో మూసెయ్యండి. గ్రౌట్‌లో గీరుకుపోయే నలుసులుంటాయి, గీత పడితే పోదు.

ఇక ముక్కలు. ముందు మూలల కాయలు, తర్వాత తీగ, ఆకులు, ఆఖరున నేల. ఈ వరస తప్పొద్దు. కాయ ముక్కు ఎటు తిరగాలో, ఆకు ఎక్కడ ఒంగాలో మీరు నిర్ణయించాక మిగిలిన ఖాళీకి తగ్గట్టు నేల ముక్క కోస్తారు. నేల ముందు అతికిస్తే ఆకులు దానికి లొంగాల్సి వస్తుంది, తీగ బిగుసుకుపోతుంది. నేల ముక్కలు చదరంగా ఉన్నా వాటి వరసలు మాత్రం కాయ ఒంపు వెంట తిరగాలి. అడ్డగళ్ళలా పేరిస్తే కాయ గోడకు మేకు కొట్టినట్టు విడిగా కనబడుతుంది.

ముక్కకూ ముక్కకూ మధ్య 2 మి.మీ. సందు. అగ్గిపుల్ల మందం దాదాపు అంతే ఉంటుంది, కొలతకు అదే చాలు. మిల్లీమీటరు కన్నా తక్కువైతే గ్రౌట్ లోపలికి దిగదు, పైపైన నిలిచి తర్వాత రాలుతుంది. 3 దాటితే చూపు గాజు మీద కాకుండా గీత మీదికి పోతుంది. అద్దం అంచు దగ్గరా అంతే సందు వదలండి. అద్దం గాజు కన్నా 1 మి.మీ. ఎత్తుగా ఉంటుంది, ఆ మెట్టు గ్రౌట్‌తో వాలుగా నిండుతుంది. పలక బయటి అంచుకు మాత్రం 2 మి.మీ. లోపలే ఆగాలి. చివరి వరస పొడుచుకొస్తే తుడిచేవాళ్ళ వేలు తెగుతుంది. నిప్పర్‌తో (గాజు కొరికే పట్టకారుతో) కొరికిన వైపు లోపలికి తిప్పండి. తప్పనిసరిగా బయటికి వస్తే సానరాయి తడిపి దాని మీద నాలుగుసార్లు రుద్దండి. తడి లేకుండా రుద్దితే గాజుపొడి ఊపిరిలోకి పోతుంది.

జిగురు, అంటే తెల్ల ఫెవికాల్, ముక్క వెనక పలుచగా, అంచుదాకా. అదిమినప్పుడు సందులోకి కొద్దిగా పొంగితే సరే. గాజు మందంలో సగం దాకా లేస్తే మాత్రం ఆరకముందే పంటిపుల్లతో తీసెయ్యాలి. అక్కడ జిగురుంటే గ్రౌట్‌కు చోటుండదు, ఆరాక ఆ చోట గుంట కనబడుతుంది. వెలుగు దూసుకుపోయే ముక్కల కింద తెల్ల జిగురు ఆరడానికి బాగా ఆలస్యమవుతుంది, ఎందుకంటే తడి పక్కసందుల్లోంచే బయటికి పోవాలి. పాలతెలుపు పోయి స్వచ్ఛంగా అయ్యేదాకా ఆగండి. మే నెల తిరుపతి ఎండల్లో ఒకరోజుకే ఆరుతుంది, నవంబరు వానల్లో మూడురోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎండలో పెట్టి తొందరపెట్టకండి, పలక వంగుతుంది. జిగురు కొత్తదైతే ముందు ఒక విడి ముక్క కింద పెట్టి చూసుకోండి. కొన్ని ఆరాక పసుపు తిరుగుతాయి.

చేతిగాజుల ముక్కలు వాడాలనుకునేవాళ్ళకు ఒక మాట. పగిలిన గాజుల ఒంపు తీగకు, కాయ గీతకు బాగా సరిపోతుంది, ఖర్చూ లేదు. కానీ మెరుగుపూత ఉన్నవి వద్దు. బంగారుగీత గాజు పైపైనే ఉంటుంది, గ్రౌట్ తుడిచే తడిగుడ్డకే పోవచ్చు. రంగు గాజులోనే కలిసిన సాదా గాజులు తీసుకోండి. 3 మి.మీ. కన్నా మందంగా ఉంటే మిగతావాటి కన్నా పైకి లేస్తాయి, వాటిని కాయల్లోనే వాడుకోండి.

అంతా ఆరాక గోటితో ఒక్కో ముక్కా తట్టి చూడండి. డొల్లగా మోగినా, కదిలినా ఇప్పుడే తీసి మళ్ళీ అతికించాలి. గ్రౌట్ పడ్డాక అది అయ్యే పని కాదు.

గ్రౌట్ ఏ రంగు? తెల్లది పెడితే గాజు వెలవెలబోతుంది. ముదురు బూడిద లేదా నలుపు పెడితే రంగులు నిలబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కూడా ఇనుపముక్కలు, బెల్లం నానబెట్టి తీసే నలుపుతో గీసిన గీతే మిగతా రంగులను పట్టి ఉంచుతుంది. వట్టి తెల్లసిమెంటుతో సరిపెట్టుకోవద్దు, అది ఆరేటప్పుడు కుంచించుకుని సన్నపగుళ్ళు ఇస్తుంది. ఇసుక లేని, పాలిమర్ కలిసిన టైల్ గ్రౌట్ కిలో ప్యాకెట్ తెచ్చుకుంటే సగం మిగులుతుంది. ఈ పట్టీకి 400 గ్రాముల పొడి చాలు.

చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు. 400 గ్రాములకు 120 నుంచి 140 మి.లీ. నీళ్ళు, ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే అదే. పొడిని నీళ్ళల్లో పోస్తూ కలపండి. పల్లీ చట్నీ చిక్కదనం రావాలి. పది నిమిషాలు వదిలేసి మళ్ళీ కలపండి. గట్టిపడినట్టుందని ఇంకాస్త నీళ్ళు పొయ్యడమే అందరూ చేసే తప్పు. ఎక్కువైన నీరు ఆవిరై పోయాక ఖాళీలు మిగిలి గ్రౌట్ సుద్దలా రాలుతుంది, నల్లరంగు మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది.

రబ్బరు బ్లేడుతో గీతలకు ఏటవాలుగా లాగండి, గీత వెంటే లాగితే బ్లేడు సందులో దిగి గ్రౌట్‌ను పెకిలిస్తుంది. రెండు దిక్కులా నింపాక 15 నుంచి 20 నిమిషాలు ఆగండి. వేసవిలో పదే చాలు. స్పాంజిని తడిపి గట్టిగా పిండి, గుండ్రంగా తుడవండి. నీళ్ళు కారే స్పాంజి వద్దు. గంట తర్వాత గాజు మీద తెల్లపొర తేలుతుంది, దాన్ని పొడి నూలుగుడ్డతో రుద్దితే పోతుంది. బోరు నీళ్ళతో తుడిస్తే మరకలు ఇంకో పొరలా నిలుస్తాయి, క్యాను నీళ్ళు వాడండి. పొర మొండిగా ఉందని బాత్రూం ఆసిడ్ జోలికి పోకండి, గ్రౌట్‌నూ అద్దం అంచునూ రెంటినీ తింటుంది. గ్లౌజులు, స్పాంజి కడిగిన నీళ్ళు సింకులో పొయ్యకండి, పైపులో సిమెంటు గడ్డకడుతుంది.

రెండురోజులు ఫ్యానుకు దూరంగా, నీడలో పెట్టండి. వేసవిలో అయితే రోజుకు రెండుసార్లు తడిగుడ్డ అలా తగిలించండి, తొందరగా ఎండితే పగుళ్ళొస్తాయి. సన్నటి పగులు కనబడితే కాస్త గ్రౌట్ పలుచగా కలిపి వేలితో రుద్ది నింపితే సరిపోతుంది. అదే పగులు ఒకే వరసలో పొడుగ్గా వచ్చిందంటే పలక వంగుతోందని గుర్తు, వెనకవైపు పూత వేశారో లేదో చూడండి.

మొత్తం బరువు సుమారు 5 కిలోలు: పలక 2.3, అద్దం 1.35, గాజు కిలో లోపు, మిగతాది గ్రౌట్, జిగురు, కొక్కేలు. ఈ బరువుకు ఒక మేకు, ఒక దారం పనికిరావు. రెండు డి-రింగులు (డి అక్షరంలా ఉండే కొక్కేలు), గోడలో రెండు ప్లగ్గులు ఎక్కడ, ఎట్లా పడాలో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా పలకను గోడకు నిలబెట్టకండి, బల్ల మీద బోర్లాకాకుండా పడుకోబెట్టి ఉంచండి.