పాత ర్యామ్ మొరాయిస్తే: ఏది చూడాలి, ఏం చేయాలి

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో డీడీఆర్2, డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ఉన్న సిస్టమ్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అలాంటిది ఒకరోజు ఆన్ కాకపోతే మదర్‌బోర్డు పోయిందని పక్కన పడేయకండి. ముందు ర్యామ్ చూడండి.

ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు

అవార్డ్ కంపెనీ బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) ఉన్న బోర్డు పొడుగు బీపులు ఆగి ఆగి కొడుతుంటే అది ర్యామ్ గొడవే. ఏఎంఐ బయాస్‌లో 3 పొట్టి బీపులు కూడా అంతే. బీపే లేదంటే, స్పీకరు తగిలించి ఉందో లేదో చూసుకుని, ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. అప్పుడు బీప్ మొదలైతే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నట్టు.

మన తీరంలో దీనికి ముఖ్య కారణం ఉప్పుగాలి. ర్యామ్ పిన్నుల మీది బంగారు పూత చాలా పలచన. అది అరిగినచోట కింది రాగికి చెమ్మ తగిలి పచ్చటి చుక్కలు పడతాయి. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అవి కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరు వానల్లో నెలల తరబడి మూతపడి ఉన్న సిస్టమ్‌లలో ఇది మరీ ఎక్కువ.

కరెంటు వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీయండి. మెత్తని తెల్ల పెన్సిల్ రబ్బరుతో పిన్నుల మీద పై నుంచి కిందికి తేలిగ్గా రుద్దండి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు మాత్రం వద్దు, ఉన్న పూతా పోతుంది. రబ్బరు పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. చేతుల శానిటైజర్ వాడకండి, అందులోని గ్లిజరిన్ జిగురుగా మిగిలిపోతుంది. స్లాట్‌లో దుమ్మును పొడి పెయింట్ బ్రష్‌తో తీయాలి. 5 నిమిషాలు ఆరనిచ్చి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కండి. చాలా సిస్టమ్‌లు ఇక్కడే లేచి కూర్చుంటాయి.

కొత్తగా కొన్న ర్యామ్ ఎక్కడం లేదు

డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే, పొడుగూ ఒకటే. మధ్యలోని గాడి చోటు మాత్రం వేరు. డీడీఆర్2 నడిచేది 1.8 వోల్టుల మీద, డీడీఆర్3 ది 1.5. గాడి కలవకపోతే బలం పెట్టొద్దు. సగం దిగిన ర్యామ్‌కి కరెంటు ఇస్తే బోర్డు కూడా కాలిపోవచ్చు.

ఎక్కింది, కానీ పనిచేయదు, లేదా సగమే చూపిస్తుంది

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ర్యామ్ మీది చిప్పులు లెక్కపెట్టండి. ఇంటెల్ జీ41 బోర్డు 2 గిగాబిట్ల చిప్పుల వరకే గుర్తుపడుతుంది (8 గిగాబిట్లు కలిస్తే 1 జీబీ). అంటే 4 జీబీ డీడీఆర్3 కర్రకు (ఒక్కో ర్యామ్ ముక్కను కర్ర అంటాం) రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉండాలి. 8 చిప్పుల 4 జీబీ దాంట్లో నడవదు. చవకగా దొరికే 4 జీబీ డీడీఆర్2 కర్రల్లో చాలావరకు ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొస్తాయి, ఇంటెల్ జీ31లో పెడితే డిస్‌ప్లేనే రాదు. జీ31కి 2 జీబీ కర్రలు రెండు వేసుకోండి. ఇంకా పాత 440బీఎక్స్ బోర్డుల్లోనూ ఇదే చిక్కు: 8 చిప్పుల 256 ఎంబీ ఎస్‌డీ ర్యామ్ (డీడీఆర్‌కు ముందు రకం) 128 ఎంబీగా కనిపిస్తుంది.

4 జీబీ వేసినా 32 బిట్ విండోస్ 3 జీబీ పైచిలుకే వాడుకుంటుంది. అది ర్యామ్ లోపం కాదు.

పని మధ్యలో బ్లూ స్క్రీన్

మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక్కొక్క కర్రనే ఉంచి కనీసం రెండు పాస్‌లు (పూర్తి చుట్లు) నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకూడదు. అదే కర్రను పక్క స్లాట్‌లో పెట్టి మళ్లీ చూడండి. ఎర్రర్ కర్రతో పాటు వస్తే కర్ర మార్చాలి. పాత స్లాట్‌లోనే ఉండిపోతే ఆ స్లాట్ మీద టేపు వేసి ఖాళీగా వదిలేయండి. విడివిడిగా బాగుండి రెండూ కలిపితేనే తప్పు వస్తుంటే, బయాస్‌లో ర్యామ్ వేగం తగ్గించి చూడండి (డీడీఆర్2 అయితే 800 నుంచి 667కి). ఆపైనా ఆగకపోతే స్లాట్ల పక్కనున్న కెపాసిటర్ల (చిన్న గుండ్రటి డబ్బాల్లాంటి భాగాల) నెత్తి ఉబ్బిందేమో చూడండి, ఉబ్బినవి మార్పించాలి.