రిటైరైన డబ్బులో చేతికందే భాగం: లిక్విడ్ ఫండా, మనీ మార్కెట్ ఫండా?

మా పెదనాన్న హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే మొత్తం), జీపీఎఫ్ అన్నీ ఖాతాలో పడిన వారానికే గుంటూరు బ్రాడీపేటలో వాళ్లింటి గుమ్మం ముందు చెప్పులు పెరిగాయి. ఒకాయన అమరావతి వైపు ప్లాటు అన్నాడు. ఇంకొకాయన మిర్చి యార్డులో తెలిసిన వ్యాపారికి రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా, నోటు రాయిస్తా అన్నాడు. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. అంత ఇచ్చేవాడికి బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదో ఆ ఒక్కటీ అడిగితే చాలు. బ్యాంకులో కూర్చునే అమ్మాయి మాత్రం మర్యాదగా "ఎఫ్‌డీ లాంటిదే సార్, కాస్త ఎక్కువొస్తుంది" అని ఒక ఫండు కాగితం చేతిలో పెట్టింది. తీరా చూస్తే అది క్రెడిట్ రిస్క్ ఫండ్. నిబంధన ప్రకారమే అందులో కనీసం 65 శాతం డబ్బు, రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే మార్కు) పై మెట్టులో లేని కంపెనీల బాండ్లకు పోవాలి. ఎఫ్‌డీకీ దానికీ పోలికే లేదు.

అందుకని రిటర్న్ ఎంత అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఈ డబ్బు ఎప్పుడు కావాలి అనే దగ్గర మొదలుపెట్టండి. పెన్షన్ 45,000 వస్తూ, ఇంటి ఖర్చు 60,000 అవుతుంటే నెలకు 15,000 లోటు, రెండేళ్లకు 3,60,000. దానికి ఆసుపత్రి కోసమని ఇంకో 3 లక్షలు కలపండి. సుమారు ఆరున్నర లక్షలు, మనం మాట్లాడుకునేది ఈ ముక్క గురించే. మిగతాది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడతారో (మనిషికి 30 లక్షల దాకా పెట్టొచ్చు, అయిదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి) ఇంకెక్కడ పెడతారో అది వేరే లెక్క. అయితే ఆ స్కీములో పెట్టింది మధ్యలో తీస్తే కోత పడుతుంది, ఏడాదిలోపే తీస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి తీసుకుంటారు. చేతికందే ముక్క విడిగా ఉండాలనేది అందుకే.

ఇక ఫండ్లు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017లో డెట్ ఫండ్లన్నిటికీ (అంటే మన డబ్బును అప్పులుగా ఇచ్చే ఫండ్లకు) ఏ రకం ఏం కొనాలో గీతలు గీసింది కాబట్టి పేరు చూసి చాలావరకు చెప్పేయొచ్చు. ఓవర్‌నైట్ ఫండ్ ఒక్కరోజు అప్పులిస్తుంది. లిక్విడ్ ఫండ్ 91 రోజుల్లోపు తీరే కాగితాలు కొంటుంది, మనీ మార్కెట్ ఫండ్ ఏడాదిలోపు తీరేవి. కాగితాలంటే ప్రభుత్వం ఇచ్చే ట్రెజరీ బిల్లులు, బ్యాంకుల సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లు, కంపెనీల కమర్షియల్ పేపర్లు. అప్పు ఎంత త్వరగా తిరిగొస్తే ధరలో ఊగిసలాట అంత తక్కువ. రేపోమాపో కావలసిన డబ్బుకు లిక్విడ్, ఆరు నెలల తర్వాతే ముట్టుకుంటాననుకున్నదానికి మనీ మార్కెట్, అసలు పైసా కదలడం చూసినా నిద్ర పట్టదనుకుంటే ఓవర్‌నైట్. అల్ట్రా షార్ట్, లో డ్యూరేషన్ అని ఇంకా ఉన్నాయి గానీ ఈ పనికి నేనైతే వాటి జోలికి వెళ్లను.

మనీ మార్కెట్ ఫండ్‌లో ఒక తమాషా ఉంది. వడ్డీ రేట్లు తగ్గుతున్నప్పుడు, ఫండు దగ్గర ఎక్కువ వడ్డీకి కొన్న పాత కాగితాలు ఉంటాయి కాబట్టి వాటి ధర పెరిగి ఏడాది రిటర్న్ అందంగా కనిపిస్తుంది. 2025 ఫిబ్రవరికి ముందు 6.50 శాతం ఉన్న రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) జూన్ కల్లా 5.50కి దిగింది. ఆ కాలపు రిటర్న్ చూసి వచ్చే ఏడాదీ అంతే వస్తుందనుకుంటే నిరాశే. రాబోయేదానికి కాస్త దగ్గరగా ఉండే అంకె ఫండు నెలనెలా ఇచ్చే వివరాల కాగితం, అంటే ఫ్యాక్ట్‌షీట్‌లో "యీల్డ్ టు మెచ్యూరిటీ" (ఉన్న కాగితాలన్నీ తీరేదాకా ఉంచుకుంటే ఏడాదికి వచ్చే శాతం) అని ఉంటుంది, అందులోంచి ఖర్చుల శాతం తీసేసి చూడండి. నెలకు ఇంత ఖాయం అని ఏ ఫండూ మాట ఇవ్వదు, అలా ఎవరైనా చెబితే ఆ మనిషిని మార్చండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఆ ఫండు ఎవరికి అప్పిచ్చిందో చూడటానికి. పోర్ట్‌ఫోలియో జాబితా ఫండు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పైనున్న పెద్ద పేర్లు కాదు, కిందికి వెళ్లి చిన్న చిన్న శాతాలు చదవండి. ఎవరో తెలియని ఫైనాన్స్ కంపెనీ, బిల్డరు, ఒకే గ్రూపువి నాలుగు పేర్లు కనబడ్డాయా, వదిలేయండి. నాకిది ఊరికే వచ్చిన చాదస్తం కాదు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ గ్రూపు అప్పులు ఎగ్గొట్టినప్పుడు, అప్పటిదాకా మంచి రేటింగ్ ఉన్న ఆ గ్రూపు కాగితాలు పెట్టుకున్న కొన్ని లిక్విడ్ ఫండ్ల విలువ ఉన్నట్టుండి పడింది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలను ఒకేసారి మూసేసింది. అందులో పేరుకు అల్ట్రా షార్ట్, లో డ్యూరేషన్ అన్నవీ ఉన్నాయి. డబ్బు తర్వాత విడతలుగా వచ్చింది గానీ, వచ్చే నెల మందులకు కావలసినవాళ్లకు విడతలు ఏం పనికొస్తాయి?

అంత జాబితా చదివే ఓపిక లేకపోతే పొటెన్షియల్ రిస్క్ క్లాస్ అనే తొమ్మిది గళ్ల పెట్టె ఉంటుంది, 2021 డిసెంబరు నుంచి ప్రతి డెట్ ఫండుకూ తప్పనిసరి. ఎ-1 అన్నిటికంటే సాధువు, సి-3 అన్నిటికంటే దుడుకు. మనకు కావలసినవి ఎక్కువగా ఎ-1లోనో బి-1లోనో దొరుకుతాయి. అదే రకం ఫండ్లలో ఒకటి మిగతావాటికంటే అర శాతం ఎక్కువిస్తుంటే సంతోషించకుండా అనుమానించండి, ఆ అర శాతం ఆకాశం నుంచి ఊడిపడదు. ఫండు సైజు వేల కోట్లలో ఉంటే మేలు. చిన్న ఫండులోంచి ఒక పెద్ద కంపెనీ ఒక్కసారిగా డబ్బు లాగేసుకుంటే మిగిలినవాళ్లం ఇరుక్కుంటాం.

డైరెక్ట్ ప్లాన్ (మధ్యవర్తి కమిషన్ లేనిది) తీసుకోండి, ఇక్కడ మొహమాటం వద్దు. ఆరు శాతం చుట్టూ తిరిగే ఫండులో కమిషన్‌కు పోయే పావు శాతం కూడా లెక్కే. లాభం పంచకుండా ఫండులోనే ఉంచే గ్రోత్ ఆప్షన్ పెట్టి, నెలకు ఇంత దానంతటదే ఖాతాలో పడేలా ఎస్‌డబ్ల్యూపీ (సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్) పెట్టుకుంటే పన్నూ తేలికవుతుంది. 10,00,000 పెట్టింది 10,60,000 అయ్యాక 53,000 తీశారనుకోండి, అందులో లాభం 3,000 మాత్రమే, పన్ను దాని మీదే. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న యూనిట్లకు ఎన్నేళ్లు ఉంచినా మీ స్లాబు రేటే. ఒక మెలిక ఉంది: పాత పన్ను విధానంలో 60 దాటినవాళ్లకు డిపాజిట్ల వడ్డీ మీద 50,000 దాకా దొరికే మినహాయింపు ఫండు లాభానికి రాదు. ఆ విధానంలో ఉండి, ఆ 50,000 ఇంకా నిండకపోతే ముందు ఎఫ్‌డీనే లాభం. పైగా బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది, ఫండుకు అది లేదు. ఈ మాట ఫండు అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

లిక్విడ్ ఫండ్‌లో వారంలోపు తీస్తే చిన్న ఎగ్జిట్ లోడ్ (త్వరగా తీసినందుకు కోత) ఉంటుంది, మొదటి రోజు లక్షకు ఏడు రూపాయలు, ఏడో రోజు నుంచి సున్నా. దానికి టెన్షన్ అక్కర్లేదు. మధ్యాహ్నం మూడులోపు అడిగితే మామూలుగా మర్నాటి పనిదినానికి డబ్బు పడుతుంది. కానీ సంక్రాంతి ముందు రోజు సాయంత్రం అడిగి కనుమకు రాలేదని ఫోన్ చేస్తే ఎవరూ ఏం చేయలేరు. కొన్ని లిక్విడ్ ఫండ్లలో ఇన్‌స్టంట్ సౌకర్యం ఉంది, రోజుకు 50,000 లేదా మీ నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అది. అర్ధరాత్రి ఆసుపత్రి వాళ్లు అడ్వాన్స్ కట్టమంటే దీని మీదే ఆధారపడకుండా ఒక లక్షయినా సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

పెద్దమ్మ పేరు జాయింటుగా పెట్టి, "ఇద్దరిలో ఎవరైనా" అనే పద్ధతి ఎంచుకోమని చెప్పాను. నామినీ కూడా రాయించాం. అయినా మొత్తం ఒకేసారి వేయనివ్వలేదు. ముందు 10,000 వేసి, పది రోజులాగి 5,000 వెనక్కి తీయమన్నాను. "ఒరేయ్, నా డబ్బు నాకు రావడానికి కూడా పరీక్షేంట్రా" అని పెదనాన్న విసుక్కున్నాడు. తీశాం, రాలేదు. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. అది సరిచేయించడానికి మూడు వారాలు పట్టింది, ఆ తర్వాతే మిగతా డబ్బు కదిలించాడు.