మస్కట్ పాత రేవు ముత్రాను కాలినడకన ఎలా చూడాలి?

గోదావరి జిల్లాల్లోనూ కడప వైపూ మస్కట్ పేరు వినని ఊరు దాదాపు ఉండదు. మనవాళ్లు ఎన్నో ఏళ్లుగా అక్కడికి పనికి వెళ్తున్నారు. ఊరు చూద్దామని వెళ్లేవాళ్లు మాత్రం ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. వాళ్లలో చాలామంది గ్రాండ్ మసీదు, ఒక మాల్, ఒక ఎడారి సఫారీ పెట్టుకుని, పాత రేవు ముత్రాకు అరగంట కేటాయిస్తారు. అదీ మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళకు దింపిన షట్టర్లు, కాలిపోతున్న గచ్చు తప్ప ఏమీ కనిపించవు. 'ఏముందండీ అక్కడ' అని తిరిగొస్తారు. నిజానికి ముత్రా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బతుకుతుంది. మధ్యలో పడుకుంటుంది. దాని టైమ్‌టేబుల్‌కు మీరు సర్దుకుంటే ఒక్క రోజులోనే ఊరు బాగా అర్థమవుతుంది.

ముందు నెల, తర్వాత వారం

నవంబర్ నుంచి మార్చి మధ్యలో వెళ్లండి. మే, జూన్‌లలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పైగా సముద్రం పక్కన ఉక్కపోత. రోహిణి కార్తెకు అలవాటుపడ్డ ప్రాణమేలే అనుకోవద్దు. రంజాన్ నెలలో వెళ్తే పగలు బయట తినడం, తాగడం కుదరదు. రాత్రి సందడి మాత్రం చూడాల్సిందే. అది నచ్చేవాళ్లకు అదే మంచి నెల.

ఒమన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున బజారు మూసి ఉంటుంది, ప్రార్థన తర్వాత సాయంత్రానికి తెరుచుకుంటుంది. మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు, అయిదు దాకా చాలా దుకాణాలు మూస్తారు. కాబట్టి ఆదివారం నుంచి గురువారం లోపు ఒక రోజు ఎంచుకోండి. ఇంకో చిన్న కిటుకు: పొద్దున రేవులో పెద్ద క్రూయిజ్ ఓడ నిలబడి ఉంటే ఆ రోజు బజారులో జనం ఎక్కువ, ధరలూ ఎక్కువ. వీలైతే కొనుగోళ్లు మర్నాటికి వాయిదా వేసుకోండి.

వీసా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా సైట్‌లో దరఖాస్తు చేయాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ సైట్‌లోనే చూసుకోండి, ఏజెంటు మాట మీద ఉండిపోవద్దు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి.

సామాన్లలో గసగసాలు పెట్టుకోవద్దు. మసాలా పొడిలో కలిపినవైనా సరే. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో వాటి వల్ల ఇరుక్కున్నవాళ్లున్నారు. రోజూ మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ చీటీ దగ్గర ఉంచుకోండి.

డబ్బు లెక్క

ఒక రియాల్‌కు వెయ్యి బైసాలు. రియాల్ విలువ 2.6 డాలర్లకు కట్టేసి ఉంటుంది, అంటే మన డబ్బులో 200 రూపాయల పైమాటే. 'అయిదే కదా' అని షాల్ కొనేసి, గదికి వచ్చాక గుణకారం చేసుకుని నాలిక్కరుచుకునేవాళ్లు ఎక్కువ. రేటు విన్న వెంటనే మనసులో రూపాయల్లోకి మార్చుకోండి. మస్కట్‌లో పనిచేసి వచ్చిన పక్కింటివాళ్లు దాచిన నోట్లు ఇస్తే ముందు వివరం కనుక్కోండి. పాత సిరీస్‌లలో కొన్నింటికి 2024 చివరితో చెల్లుబాటు అయిపోయింది.

అన్నట్టు, ఈ దేశంలో 1970 దాకా రూపాయే నడిచింది. మన రిజర్వ్ బ్యాంకు 1959లో గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు ముద్రించింది. ఒమన్‌లో అవి అందరికంటే చివరి వరకు చెలామణీ అయ్యాయి.

పొద్దున ఆరున్నర: చేపల మార్కెట్

నడక ఇక్కడ మొదలుపెట్టండి. టాక్సీ అయితే ఓటాక్సీ యాప్‌లో పిలుచుకోండి, రేటు ముందే తెలుస్తుంది. రోడ్డు మీద ఆపే తెలుపు-నారింజ టాక్సీలతో ఎక్కేముందే మాట్లాడుకోవాలి. మస్కట్‌లోనే ఉన్న రువి పేటలో బస చేస్తే మ్వాసలాత్ సిటీ బస్సులు కూడా ఇటు వస్తాయి, చవక.

ఇప్పుడున్న మార్కెట్ భవనం 2017లో తెరిచారు. గీసింది నార్వేకు చెందిన స్నోహెట్టా సంస్థ. పైన పొడవాటి తెల్లటి అల్యూమినియం పట్టీలు, మధ్యలోంచి గాలి, చారలు చారలుగా ఎండ. భవనం సంగతి అలా ఉంచి బల్లల దగ్గరికి వెళ్లండి. కనద్ అని అమ్మేది మన వంజరమే. మూరన్నర పొడవు, వీపు నీలం, పొట్ట వెండి. పక్కనే సూర చేపలు, సొరలు, కవళ్ల గుట్టలు. కొనేవాళ్లు చెయ్యి తడవకుండా చూడరు. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా లేదా చూస్తారు, వేలితో నొక్కి కండ లేస్తుందో లేదో చూస్తారు. కాకినాడ కుంభాభిషేకం రేవులో మన ఆడవాళ్లు చేసేది కూడా సరిగ్గా అదే. బేరం కుదిరిన చేపను కోయడానికి వేరే బల్లలున్నాయి. అక్కడ వంజరాన్ని చక్రాల్లా కోసే చేతివేగం నిలబడి చూడదగ్గది.

ఫోటో తీసేముందు అడగండి. చేప పట్టుకుని మరీ నిలబడేవాళ్లే ఎక్కువ. ఒమనీ ఆడవాళ్లను మాత్రం తీయొద్దు. చెప్పులు జారనివి వేసుకోండి.

కార్నిష్ మీద, ఎండ ముదరకముందే

మార్కెట్ బయటికి వస్తే సముద్రం వెంబడి నడకదారి. ఎడమ చేతికి రేవు, కుడి చేతికి తెల్లటి మేడలు, వాటి వెనకే పచ్చగడ్డి మొలవని గోధుమరంగు కొండలు. పోర్ట్ సుల్తాన్ ఖాబూస్ నుంచి సరుకు ఓడలను 2014లో సోహార్‌కు తరలించారు. అందుకే ఇప్పుడు కంటెయినర్ల మోత లేదు. విహార ఓడలు, అప్పుడప్పుడు రాజుగారి నౌక, పక్కన చెక్క పడవలు. ఆ చెక్క పడవలను తేలిగ్గా చూడొద్దు. అరబ్బు తీరంలో ఓడకు పనికొచ్చే మాను లేదు. మలబారు నుంచి టేకు తెచ్చుకుని కట్టుకునేవాళ్లు. మేకులు వాడకుండా పలకలను కొబ్బరి నారతో కుట్టిన ఓడలే చాలా కాలం ఈ నీళ్లలో తిరిగాయి. ఋతుపవనాల గాలి చూసుకుని ఒక కాలంలో మనవైపు రావడం, గాలి తిరిగాక వెనక్కి పోవడం. ఈ తీరాల నుంచి అరబ్బీ గుర్రాలు కూడా పడమటి రేవుల్లో దిగి బహమనీలకు, విజయనగరానికి చేరేవి. పోర్చుగీసువాళ్లు ఇక్కడికి రావడానికి ఆ వ్యాపారం మీద పట్టు కూడా ఒక కారణం.

కొంచెం నడవగానే నీలం పలకల మసీదు, దాని పక్కన జాలీ బాల్కనీలతో వరస ఇళ్లు, మధ్యలో ఒక కమాను ద్వారం. అది సూర్ అల్ లవాతియా. సింధు ప్రాంతంతో సంబంధమున్న లవాతీ కుటుంబాల పాత పేట. గోడ కట్టుకుని లోపల ఉండేవాళ్లు. ద్వారం తెరిచే ఉంటుంది, లోపలికి రమ్మన్నట్టే కనిపిస్తుంది కూడా. వెళ్లకండి. అది మనుషులు కాపురముండే చోటు, మ్యూజియం కాదు. ఇంటి ముందు భాగాలు, కిటికీల చెక్కడం బయటి నుంచే తనివితీరా చూడొచ్చు.

ఇంకా ముందుకెళ్తే కొండ కొమ్మున ముత్రా కోట. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో కట్టారు. మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి ఎక్కాలనుకుంటే పొద్దునే ఎక్కండి. మోకాళ్లు ఇబ్బంది పెట్టేవాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు. దారి చివర రియామ్ పార్కు దగ్గర కొండ మీద పెద్ద ధూపపాత్ర ఆకారంలో ఒక కట్టడం కనిపిస్తుంది. అక్కడికి మీ నడక రెండు మూడు కిలోమీటర్లు అవుతుంది. పిల్లలుంటే ఇక్కడ కాసేపు కూర్చోబెట్టండి. కరక్ చాయ్, పరాఠాలో చీజు రాసి చిప్స్ నలిపి చుట్టిన రోల్ ఇక్కడి కుర్రాళ్ల టిఫిన్. వినడానికి వింతగా ఉన్నా తింటే బాగుంటుంది.

ఎండ వేళ: పాత మస్కట్, మ్యూజియం

పదిన్నర దాటగానే టాక్సీ ఎక్కి కొండ మలుపు తిరగండి. మస్కట్ అసలు ఊరు ఇది. ముత్రా సరుకు దిగే చోటైతే, ఇది రాజు ఉండే చోటు. 1970 జులైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేదాకా ఈ ఊరి గోడల్లోని తలుపులు రాత్రిపూట మూసేసేవాళ్లు. చీకటిపడ్డాక వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. యాభై అరవై ఏళ్ల కిందటి మాటే ఇది. ఇప్పుడు ఆ రోడ్ల శుభ్రం చూస్తే నమ్మబుద్ధి కాదు.

నీలం, బంగారు రంగు స్తంభాల అల్ ఆలం రాజభవనాన్ని బయటి గేటు నుంచే చూడాలి. దాని వెనక్కి, సముద్రం వైపు వెళ్లడం మర్చిపోవద్దు. రెండు కొండల మీద రెండు కోటలు, జలాలీ, మీరానీ. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ ఈ రేవును తగలబెట్టి పట్టుకున్నాడు. ఆ తర్వాత తుర్కుల దాడులకు భయపడి పోర్చుగీసువాళ్లు 1580లలో వీటిని ఇప్పటి రూపానికి తెచ్చారు. 1650లో ఒమన్ పాలకుడు ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ వాళ్లను వెళ్లగొట్టాడు. రేవు చుట్టూ ఉన్న రాళ్లను జాగ్రత్తగా చూడండి. ఇక్కడికొచ్చిన ఓడల నావికులు తమ ఓడ పేరు తెల్లరంగుతో రాసిపోయేవాళ్లు. ఎండకు వెలిసిన ఆ అక్షరాలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. నాకైతే రాజభవనం కన్నా ఆ రాతలే ఎక్కువసేపు చూడాలనిపించింది.

రాజభవనానికి ఎదురుగా నేషనల్ మ్యూజియం. 2016లో జనానికి తెరిచారు. మధ్యాహ్నం గడపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఏసీ చల్లదనం ఒక కారణమైతే, ఓడల గది రెండో కారణం. పొద్దున మీరు చూసిన చెక్క పడవల్లో ఏ రకం ఎందుకు వాడేవాళ్లో ఇక్కడ నమూనాలతో తెలుస్తుంది. ఓపిక మిగిలితే దగ్గర్లోని బైత్ అల్ జుబైర్ మ్యూజియం కూడా చూడొచ్చు. రెండూ కుదరకపోతే నేషనల్ మ్యూజియానికే ఓటు.

ఈ చుట్టుపక్కలే కచ్ వ్యాపారుల పాత శివాలయం ఉంది. 2018లో ప్రధాని మోదీ దర్శనం చేసుకున్నది దీన్నే. గుడి వేళలు ముందు కనుక్కుని వెళ్లండి.

భోజనానికి రువి దగ్గర. శాకాహారులకు అక్కడ కొదవలేదు, మన భోజనమూ దొరుకుతుంది. తిన్నాక గంటసేపు నడుం వాల్చండి. ఊరంతా చేసేది అదే.

సాయంత్రం అయిదు తర్వాత: సూక్, అంటే బజారు

ముత్రా బజారుకు రెండు ముఖాలున్నాయి. కార్నిష్ వైపు గేటులోంచి లోపలికి వెళ్లగానే పశ్మీనా షాల్‌లు, మెరిసే దీపాలు, అయస్కాంతం బొమ్మలు. వీటిలో చాలా భాగం మన దేశం నుంచే వచ్చాయి. అమ్మేవాళ్లలోనూ మనవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లే ఎక్కువ. హిందీ వస్తే చాలు. ఇక్కడ పర్సు తీయకుండా పక్క సందుల్లోకి తిరగండి. దారి తప్పినా పరవాలేదు, ఏదో ఒక సందు మళ్లీ సముద్రం దగ్గరికే దింపుతుంది.

కొనదగ్గది మొదట లుబాన్ అనే ధూపం బంక. మన సాంబ్రాణిలాగే వాడతారు కానీ చెట్టు వేరు. దక్షిణాన ధోఫార్ కొండల్లో చెట్టు బెరడు గీసి, కారిన పాలు గట్టిపడ్డాక ఏరుతారు. మేలురకం హోజరీ. కొట్టువాణ్ని కొన్ని పలుకులు అరచేతిలో పోయమనండి, దీపానికి ఎదురుగా ఎత్తి చూడండి. లేత ఆకుపచ్చగానో పాలలాంటి తెలుపులోనో, వెలుతురు దూరేలా ఉంటే మంచిది. గోధుమరంగులో బెరడు ముక్కలు అంటుకుని ఉంటే చవక రకం. అది కూడా పొగ వేయడానికి పనికొస్తుంది, కానీ హోజరీ ధర పెట్టకండి. చాలా కొట్లలో ఒక పలుకు నిప్పు మీద వేసి చూపిస్తారు. మంచి బంకకు నిమ్మతొక్కలాంటి వాసన ముందు వస్తుంది.

రెండోది కుమ్మా, ఒమనీ మగవాళ్ల టోపీ. చేత్తో కుట్టినదాంట్లో పూలకు చుట్టూ సన్నని రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రం అంచుకూ దారం చుట్టి ఉంటుంది. గాలి ఆడడానికి. తిప్పి లోపలి వైపు చూడండి. మిషన్ పనైతే అక్కడ తెలిసిపోతుంది. చేతి పనికి ధర బాగా ఎక్కువ, అది న్యాయమే.

వెండి కొట్లలో తొందరపడొద్దు. ఖంజర్ అనే వంపు కత్తి పిడి, ఒర చూడడానికి ముచ్చటగా ఉంటాయి. కొంటే చెకిన్ సామాన్లలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సిందే. చెప్పిన రేటులో సగం దగ్గర మొదలుపెట్టి నవ్వుతూ బేరమాడండి. గొంతు పెంచితే పని జరగదు. చాలదనిపిస్తే 'షుక్రన్' (థ్యాంక్స్) అని బయటికి నడవండి, పిలవాల్సినవాళ్లు పిలుస్తారు.

హల్వా కొట్టు దగ్గర ఆగండి. నెయ్యి, పంచదార, గంజిపిండి, కుంకుమపువ్వు, ఏలకులు, గులాబీ పన్నీరు వేసి రాగి గంగాళంలో గంటలకొద్దీ కలుపుతారు. చెంచాతో తీస్తే సాగుతుంది. పక్కన చిన్న గిన్నెలో కహ్వా అనే అరబ్బు కాఫీ పోస్తారు. గిన్నె ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇచ్చేయాలి.

ఇంకో పొద్దు మిగిలితే

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదుకు వెళ్లండి, ముత్రా నుంచి దూరమే. ముస్లిమేతరులకు శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఎనిమిది నుంచి పదకొండు దాకా అనుమతి. ఆడవాళ్లు జుట్టు కప్పుకోవాలి. మణికట్టు, చీలమండ దాకా బట్ట ఉండాలి, పల్చటిది పనికిరాదు. చీరతో వెళ్తే నడుము కనిపిస్తుందని ఆపేయొచ్చు. సల్వార్ కమీజు, పెద్ద చున్నీ సరిపోతాయి. మగవాళ్లు షార్టులతో రావద్దు. ప్రార్థన మందిరంలో పరిచిన తివాచీ 21 టన్నుల బరువు, అంతా చేతి ముడులే.

ఎయిర్‌పోర్టు ముత్రాకు ముప్పై కిలోమీటర్ల పైనే. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ రోడ్డు నిండిపోతుంది కాబట్టి ఆ టైముకు ఫ్లైటుంటే గంట ముందే బయల్దేరండి. హల్వా డబ్బాకు మూత మీద టేపు చుట్టించుకోండి, నెయ్యి కారి బట్టలు పాడవుతాయి.