రౌటింగ్ ముగిశాక టైమింగ్ సరిదిద్దే పద్ధతి

కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలోనో, అనంతపురం జేఎన్‌టీయూలోనో ఈసీఈ చదువుతూ సెటప్ (క్లాక్ అంచుకు ముందే డేటా చేరి ఉండాలి), హోల్డ్ (ఆ అంచు తరువాత కాసేపు డేటా మారకూడదు) సమీకరణాలు నేర్చుకున్న విద్యార్థికి సైతం, రౌటింగ్, అంటే గేట్ల మధ్య తీగలు వేయడం, పూర్తయిన చిప్ డిజైన్‌లో దేన్ని ముట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో వెంటనే తోచదు. ఈ దశలో వేసిన తీగలను ఎంత తక్కువగా కదిపితే మరమ్మతు అంత మంచిది.

సెల్ (గేటు, ఫ్లాప్ వంటి సిద్ధమైన లాజిక్ భాగం) మార్చే ముందు టైమింగ్ రిపోర్టు చదవాలి. టైమింగ్ తప్పుతున్న పాత్ (సిగ్నల్ నడిచే దారి) ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు క్లాకుల మధ్య ఉంటే, లేదా దానికి మల్టీసైకిల్ (ఒకటికంటే ఎక్కువ క్లాక్ సైకిళ్ల గడువిచ్చే) నిబంధన రాయడం మరచిపోయి ఉంటే, సరిచేయవలసింది టైమింగ్ నిబంధనలుండే కన్‌స్ట్రెయింట్ ఫైలునే. లోటు స్వల్పమైతే ఒక్కో దారిని విడిగా లెక్కించే పాత్ ఆధారిత విశ్లేషణతో మళ్లీ చూడాలి; గ్రాఫ్ ఆధారిత లెక్క ప్రతి పిన్ దగ్గరా అత్యంత చెడ్డ స్లూనే (సిగ్నల్ మారడానికి పట్టే సమయం) తీసుకుంటుంది కనుక కొన్ని లోటులు అక్కడే తొలగిపోతాయి. ఆ తరువాత ట్రాన్సిషన్ (సిగ్నల్ మారే సమయం), కెపాసిటెన్స్ (సెల్ నడపాల్సిన భారం) పరిమితుల ఉల్లంఘనలను సరిచేయాలి.

సెటప్‌కు మొదటి మందు థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజీ) మార్పు. చాలా లైబ్రరీలలో ఒకే సైజు సెల్‌కు హెచ్‌వీటీ (ఎక్కువ థ్రెషోల్డ్, నెమ్మది), ఎల్‌వీటీ (తక్కువ థ్రెషోల్డ్, వేగం) రూపాలు ఒకే కొలతలతో ఉంటాయి కాబట్టి తీగలు కదలవు. అయితే ఎల్‌వీటీతో లీకేజీ (వృథాగా కారే కరెంటు) పెరుగుతుంది. అందుకే ఎక్కువ పాత్‌లకు ఉమ్మడిగా ఉన్న సెల్‌లనే ఎంచుకోవాలి. సైజు పెంచితే వెనుక ఉన్న సెల్ మీద భారం పడుతుందన్నది మరువరాదు.

అసలు జాగ్రత్త హోల్డ్‌లో ఉంది. సెటప్ తప్పిన చిప్‌ను క్లాక్ వేగం తగ్గించి వాడుకోవచ్చు గానీ, హోల్డ్ తప్పితే ఏ వేగంలోనూ అది సరికాదు. ఆలస్యం కలిపే బఫరును క్యాప్చర్ ఫ్లాప్ (డేటాను అందుకునే ఫ్లాప్) డి పిన్ (డేటా పిన్) దగ్గర పెట్టడం అలవాటు. కానీ అదే పిన్‌కు మరో దారిలో వచ్చే పాత్‌కు సెటప్ మిగులు 10 పికోసెకన్లే ఉంటే, ఫాస్ట్ కార్నర్‌లో (సెల్‌లు అతి వేగంగా నడిచే పరిస్థితిలో) హోల్డ్‌కు కావలసిన 40 పికోసెకన్ల ఆలస్యం స్లో కార్నర్‌లో ఇంకా పెరిగి ఆ పాత్‌ను చెడగొడుతుంది. అప్పుడు వెనక్కి నడిచి, ఆ బిగువైన పాత్ కలవకముందే, హోల్డ్ తప్పుతున్న కొమ్మ మీద సెటప్ మిగులు తగినంత ఉన్న పిన్ దగ్గర బఫరు పెట్టాలి.

వేడి ఎక్కువైతేనే చిప్ నెమ్మదిస్తుందని మన సీమ ఎండల్లో పెరిగినవారికి అనిపించడం సహజమే. కానీ తక్కువ వోల్టేజీలో నడిచే ఆధునిక సెల్‌లు చలిలోనే నెమ్మదించే సందర్భాలున్నాయి కాబట్టి సెటప్‌ను రెండు ఉష్ణోగ్రతల వద్దా చూడాలి.

బేస్ పొరల (ట్రాన్సిస్టర్లుండే కింది పొరల) మాస్కులు (తయారీ అచ్చులు) ఖరారైతే కొత్త సెల్‌కు చోటుండదు. ముందే చల్లి ఉంచిన స్పేర్ సెల్‌లను మెటల్ మార్పులతో కలుపుకోవడమే మార్గం.

సాధన కోసం 2020లో బహిరంగమైన స్కై130 పీడీకే (చిప్ తయారీ నియమాలు, సెల్ లైబ్రరీల కిట్), ఓపెన్‌రోడ్ (ఉచిత చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్) వాడుకోవచ్చు. ప్రతి విడత మార్పు తరువాత పారాసిటిక్స్ (తీగల నిరోధం, కెపాసిటెన్స్) మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ చేసి అన్ని కార్నర్లనూ చూసి, లాజిక్ మారలేదని ఈక్వివలెన్స్ చెక్‌తో నిర్ధారించుకున్నాకే తదుపరి విడతకు వెళ్లాలి.