పాత టూ స్ట్రోక్ బండి అమ్ముతున్నారా? ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి

పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలో మా ఎదురింటాయనకు కోర్టు నోటీసు వచ్చింది. హిందూపురం మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే కాపురం. మూడేళ్ల కిందట ఆయన అమ్మేసిన యమహా ఆర్‌ఎక్స్ 100, పాత టూ స్ట్రోక్ బైకు, హొసకోటె దగ్గర ఒక పెద్దాయనను గుద్దిందట. నడిపిందెవరో ఈయనకు తెలియదు. కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి అమ్ముకున్నారు. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. ఆర్‌సీలో మాత్రం ఇప్పటికీ ఈయన పేరే.

ఆ బండిని నేనూ నడిపాను. సైలెన్సర్ పైకెత్తి, వెడల్పు హ్యాండిల్ వేసి, బటన్ టైర్లు తొడిగి స్క్రాంబ్లర్‌లా, అంటే మట్టి దారుల్లో తిరిగే బైకులా చేయించుకున్నాడు. ఒక్క కిక్కుకే అందుకునేది. కొన్న కుర్రాడు "పేరు నేనే మార్పించుకుంటా అన్నా, మీరు సంతకాలు పెట్టివ్వండి చాలు" అన్నాడు. ఈయన బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్పుకు పెట్టే ఫారం 30 రెండూ ఖాళీగానే సంతకం చేసి ఇచ్చాడు. తేదీ లేదు, కొనేవాడి పేరు లేదు.

ఇదే తప్పు నేను చాలామంది చేయగా చూశాను. పాత బండ్ల విషయంలో మరీ ఎక్కువ, దానికి కారణం ఉంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. చాలామంది చేయించరు. కొన్ని పాత ఆర్‌సీ బుక్కుల వివరాలు కంప్యూటర్లోకే ఎక్కలేదు. ఇంత తిరుగుడు ఎవరు పడతారని సంతకాలు గీకి తలనొప్పి వదిలించుకుంటారు. తలనొప్పి వదలదు. చేతులెన్ని మారినా ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో తేల్చి చెప్పింది.

కాబట్టి ముందు రెన్యువల్, ఆ తర్వాతే అమ్మకం. ఫారాల్లో కొనేవాడి పేరు, చిరునామా, తేదీ మీ చేత్తో నింపి అప్పుడు సంతకం పెట్టండి. అమ్మిన సంగతి పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీవోకి తెలపాల్సింది మీరే, కొన్నవాడు కాదు. ఆంధ్రా నంబరు బండిని ఇక్కడివాళ్లకు అమ్ముతుంటే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చాకే అడ్వాన్సు పట్టండి. ఏజెంటుకైనా సరే, ఖాళీ ఫారం ఇవ్వొద్దు.

ఇక టెస్ట్ రైడ్. ఇప్పటి కుర్రాళ్లు ఫోర్ స్ట్రోక్ మీద నేర్చుకున్నవాళ్లు. టూ స్ట్రోక్‌లో యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ బండిని అంతగా పట్టి ఆపదు, బ్రేకులనే నమ్ముకోవాలి. ఆ మాట నోటితో చెప్పండి. యెజ్డీ అయితే కిక్ రాడ్డే గేర్ రాడ్డు, దాన్ని ఎలా తిప్పాలో ఒకసారి చేసి చూపించండి. చల్లటి ఇంజన్‌ను రేజ్ చేయనివ్వకండి. ఇంజన్‌కు ఆయిల్ అందించే పంపు తీసేసి, ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోస్తుంటే ఆ సంగతి, లీటరుకు ఎంతో కూడా కాగితం మీద రాసివ్వండి. మా వీధిలోనే ఒకాయన చెప్పడం మరిచాడు. కొన్నవాడు బంకులో ఉత్త పెట్రోల్ కొట్టించుకుని ఊరు దాటకముందే పిస్టన్ జామ్ చేసుకుని, డబ్బు వెనక్కిమ్మని గుమ్మం ముందు కూర్చున్నాడు. పైకెత్తిన సైలెన్సర్‌కు కాలు తగిలితే చర్మం ఊడుతుంది, నిక్కరుతో వచ్చినవాడిని ఎక్కించకండి.

టెస్ట్ రైడ్‌కు వెళ్లేవాడు తను వచ్చిన స్కూటర్ వదిలి వెళ్తున్నాడని నమ్మకండి, అదీ దొంగదే కావచ్చు. అతని లైసెన్సు ఒరిజినల్ మీ చేతిలో ఉండాలి. ఇన్సూరెన్స్ లేకపోతే బండి గేటు దాటకూడదు.

ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసి మీ దగ్గర పెట్టుకోండి. ఇంజన్ ఎప్పుడైనా మార్చారా? ఆర్‌సీలో నంబరుతో పోల్చి చూడండి, తేడా ఉంటే అమ్మకం ఆపండి. పాత సైలెన్సర్, పాత హ్యాండిల్ అటక మీద ఉంటే బండితోపాటే ఇచ్చేయండి, ఆర్‌టీవోలో మార్పుల గురించి అడిగితే అవసరం పడతాయి. ఎప్పటిదో లోను తాలూకు హెచ్‌పీ (బండి తాకట్టులో ఉందన్న నమోదు) ఆర్‌సీలో మిగిలుంటే ముందే కొట్టేయించండి. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవద్దు. డబ్బు వేస్తానని క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయొద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "ఆర్మీలో ఉన్నాను, బండి చూడకుండానే కొంటాను" అన్నవాడి ఫోన్ పెట్టేయండి. తాళం ఇచ్చిన తేదీ, గంట, నిమిషం రాయించి ఇద్దరూ సంతకం చేయండి. కొన్నవాడి ఆధార్ కాపీ తీసుకోండి. పేరు మార్పు ఓటీపీ ఫోన్లో చదివి వినిపించకండి, ఎదురుగా కూర్చుని దరఖాస్తు పూర్తిచేయించండి. ఖాళీ ఫారం మాత్రం ఇవ్వొద్దు. తమ్ముడి స్నేహితుడైనా, మన ఊరివాడైనా ఇవ్వొద్దు.

నెల రోజులయ్యాక ప్రభుత్వ రవాణా వెబ్‌సైటు పరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఇంకా మీ పేరే కనిపిస్తే కొన్నవాడికి ఫోన్ చేసి బతిమాలుతూ కూర్చోకండి. మీ కాపీలన్నీ తీసుకుని మర్నాడు పొద్దున్నే ఆర్‌టీవో కౌంటరు దగ్గర ఉండండి.